చిన్న ఓడకు తాడెంత?

అద్దాల పెట్టెలో పెట్టిన తెరచాప ఓడ బొమ్మను మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఎవరింట్లోనో షోకేసులో, హోటల్ వరండాలో, లేదంటే మ్యూజియంలో. ఓడ పొట్ట చక్కగా తిరిగి ఉంటుంది. ఫిరంగుల కిటికీలు వరస తప్పకుండా ఉంటాయి. కొయ్య నునుపు తేలి ఉంటుంది. అయినా ఒక్క చూపుకే అది బొమ్మ అని తెలిసిపోతుంది. చిన్నది కాబట్టి తెలిసిందనుకుందామా? దగ్గరగా ఫోటో తీసి, పక్కన అగ్గిపెట్టె గానీ మనిషి వేలు గానీ పడకుండా చూపించండి. అప్పుడూ తెలిసిపోతుంది. చూసిన పిల్లలు అడిగే ప్రశ్న ఇదే: "అన్నీ అలాగే చేశారు కదా, మరి నిజం ఓడలా ఎందుకు లేదు?"

చాలాసార్లు దీనికి జవాబు తాళ్లలో దొరుకుతుంది. చెక్కను ఎంత చిన్నగా కోసినా చెక్కలాగే కనిపిస్తుంది. తాడు అలా కాదు. చిన్నదవుతున్నకొద్దీ ఎక్కడో ఒకచోట తాడుతనం పోగొట్టుకుని దారం అయిపోతుంది. ఆ చోటు దాటాక కన్నును ఒప్పించడం కష్టం.

ఒక ఓడను ఉదాహరణగా పట్టుకుందాం. దాని పేరు విక్టరీ. ఇంగ్లండులోని చాతమ్ రేవులో 1765లో నీళ్లలోకి దిగింది. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ యుద్ధంలో అడ్మిరల్ నెల్సన్ దీని మీదే ప్రాణాలు విడిచాడు. 1922 నుంచి పోర్ట్స్‌మత్‌లో డ్రై డాక్‌లో నిలబడి ఉంది. బొమ్మ ఓడలు చేసేవాళ్లకు దీనిమీద అంత మోజు ఎందుకంటే, సందేహం వస్తే వెళ్లి చూసుకోవడానికి అసలు ఓడే ఉంది. ఓడ ముక్కున చెక్కిన బొమ్మ నుంచి వెనక అంచు దాకా పొడవు సుమారు 69 మీటర్లు. పూర్తిగా కట్టిన రోజుల్లో దాని మీద ఉన్న తాళ్లన్నీ విప్పి ఒకదాని వెనక ఒకటి పరిస్తే 26 మైళ్లు, అంటే దాదాపు 42 కిలోమీటర్లు.

నా బల్ల మీద ఉన్న విక్టరీ 1:96 కొలతలో ఉంది. అంటే అసలు ఓడలో 96 మిల్లీమీటర్లు నా ఓడలో ఒక మిల్లీమీటరు. ఇంత వంకర సంఖ్య ఎందుకంటే, ఇంగ్లీషువాళ్ల పాత లెక్కలో అది అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు. ఓడ 72 సెంటీమీటర్లయింది. తాళ్ల పొడవు భాగిస్తే 440 మీటర్లకు కాస్త తక్కువ. నాలుగు దారపు ఉండలు కొంటే సరిపోతుందని సంబరపడ్డాను. పొడవు భాగహారానికి బుద్ధిగా లొంగుతుంది. మిగతావేవీ లొంగవని తర్వాత తెలిసింది.

చుట్టుకొలతా, మందమా?

ఓడతాళ్లలో రెండు జాతులున్నాయి. స్తంభాలు పడిపోకుండా పట్టుకుని, కట్టిన చోటే ఉండిపోయేవి ఒక జాతి. వీటిని నిలుకట్లు అందాం. ఇంగ్లీషులో స్టాండింగ్ రిగ్గింగ్ అంటారు. తెరచాపల్ని, వాటిని మోసే అడ్డకర్రల్ని ఎత్తడానికీ దించడానికీ తిప్పడానికీ కప్పీల గుండా పరిగెత్తేవి రెండో జాతి. ఇవి లాగుడు తాళ్లు, రన్నింగ్ రిగ్గింగ్. నిలుకట్లలో మళ్లీ రెండు ముఖ్యం. స్తంభం వెనక్కి వాలకుండా ముందువైపు లాగి పట్టుకునే ఎదురుతాడు, అంటే స్టే. ఓడ రెండు పక్కలకూ గుడారపు తాళ్లలా దిగే పక్కతాళ్లు, అంటే ష్రౌడ్లు.

ఏ తాడు ఎంత మందం ఉండాలో పాత పుస్తకాల్లో పట్టికలున్నాయి. లండన్‌లో డేవిడ్ స్టీల్ 1794లో అచ్చువేసిన రిగ్గింగ్ గ్రంథం వాటిలో పేరున్నది. పట్టిక కూడా అక్కర్లేకుండా చెప్పే లెక్క ఒకటి ఉంది. పెద్ద స్తంభం ఎన్ని గజాల పొడవుంటే దాదాపు అన్ని అంగుళాల మందం. ఆ మందంలో సగం ఎంతో, ఎదురుతాడు కొలత అంత. అందులో పదింట ఆరు వంతులు పక్కతాడు. పక్కతాడులో సగం, దాన్ని బిగించే చిన్నతాడు. ఇంట్లో ఒక్క పప్పు కొలత తెలిస్తే ఉప్పూ చింతపండూ కొలతలు వాటంతటవే వచ్చినట్టు, స్తంభం ఒక్కటి తెలిస్తే ఓడ మొత్తానికి తాళ్ల కొలతలు వచ్చేస్తాయి.

విక్టరీ పెద్ద స్తంభపు ఎదురుతాడు కొలత 19 అంగుళాలు. ఇక్కడే కొత్తవాడు బోల్తా పడతాడు. నేనూ పడ్డాను. తాడు కొలత మూడంగుళాలు అని పుస్తకంలో ఉంటే మూడంగుళాల మందం అనుకున్నాను. 96తో భాగిస్తే 0.8 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ మందం దారం వెతికి తెచ్చి, మూడు సాయంత్రాలు కూర్చుని ముందు స్తంభానికి లాగుడు తాళ్లు కట్టాను. ఊరినుంచి వచ్చిన మా మేనత్త కళ్లజోడు సవరించుకుని చూసి, "ఏరా, ఓడకి చేంతాళ్లు కట్టావేంటి?" అంది. ఆవిడ జన్మలో ఓడ ఎక్కలేదు. నూతిలో నీళ్లు మాత్రం తోడింది.

ఆవిడ మాటే నిజమైంది. ఆ రోజుల్లో తాళ్లను మందంతో కొలిచేవారు కాదు, చుట్టుకొలతతో కొలిచేవారు. అది తెలివైన పద్ధతే. తాడు గుండ్రంగా ఉన్నా సాగి కోలగా మారినా, దాని చుట్టూ సన్నని నారో పట్టీయో తిప్పి చూస్తే చాలు. నడుము కొలత తీసుకునే దర్జీ చేసే పని అదే కదా. కానీ మనకు కావలసింది మందం. దానికి చుట్టుకొలతను మూడు చిల్లరతో, అంటే 3.14తో భాగించాలి. మూడంగుళాల తాడు మందం ఒక అంగుళం కన్నా తక్కువే. బొమ్మ ఓడలో పావు మిల్లీమీటరు. నేను కట్టింది దానికి మూడు రెట్లకు పైన. 19 అంగుళాల ఎదురుతాడు మందం ఆరంగుళాలు, నా ఓడలో 1.6 మిల్లీమీటర్లు. నా మొదటి లెక్క ప్రకారమైతే అయిదు మిల్లీమీటర్లు అయ్యేది, ఎద్దును కట్టేయొచ్చు.

సరే, పావు మిల్లీమీటరు దారం కావాలి. దుకాణంలో దారానికి నంబరుంటుంది గానీ మందం రాసి ఉండదు. స్కేలు పెట్టి కొలవడం కుదరదు. దీనికో చిట్కా ఉంది. ఒక పెన్సిలు మీద దారాన్ని సందు లేకుండా, ఒకదాని మీదకు ఒకటి ఎక్కకుండా ఇరవై చుట్లు చుట్టండి. చుట్టిన మేర ఎంత వెడల్పుందో స్కేలుతో చూడండి. అయిదు మిల్లీమీటర్లుంటే దారం మందం పావు మిల్లీమీటరు. మరీ బిగించి చుడితే దారం అణిగిపోయి అబద్ధం చెబుతుంది. వదులుగా చుడితే సందులు అబద్ధం చెబుతాయి. రెండు మూడుసార్లు చేసి సగటు తీసుకోవడం మేలు.

పురి ఎటు తిరిగింది?

మందం కుదిరింది. అయినా దారం దారంలాగే ఉంది. ఎందుకో తెలియాలంటే తాడు ఎలా పుడుతుందో చూడాలి.

ఒక బారెడు దారం తీసుకోండి. ఒక కొస ఎవరినైనా పట్టుకోమని, రెండో కొసను వేళ్ల మధ్య ఒకే వైపుకు పురిపెట్టండి, మెలికలు పడబోయేదాకా. ఇప్పుడు మధ్యలో పట్టుకుని రెండు కొసల్నీ ఒకచోటికి తెండి. చేతిలోంచి వదలగానే రెండు పాయలూ వాటంతటవే ఒకదాన్నొకటి చుట్టేసుకుంటాయి. అయితే మీరు పెట్టిన పురికి ఎదురు దిక్కులో. ప్రతి పాయా తన పురి విప్పుకుందామని చూస్తుంది. ఆ ప్రయత్నంలోనే పక్కదాన్ని చుట్టుకుంటుంది. ఒకటి విప్పుకోవాలంటే రెండోది బిగుసుకోవాలి. జిగురు లేకుండా, ముడి లేకుండా తాడు నిలిచి ఉండే కిటుకంతా ఇంతే. నారను ఒకవైపు పేని నూలు చేస్తారు, నూలు పోగుల్ని ఎదురువైపు పేని పేట చేస్తారు, పేటల్ని మళ్లీ మొదటివైపు పేని తాడు చేస్తారు. మన ఊళ్లలో పలుపు పేనే రైతు చేసేదీ, చాతమ్ తాళ్లశాలలో చేసేదీ ఒకటే పని. చాతమ్‌లో శాల పొడవు మాత్రం 1,135 అడుగులు. ఎందుకంత అంటే, పేనేటప్పుడు పొడవులో దాదాపు మూడో వంతు మెలికలకే ఖర్చయిపోతుంది. 720 అడుగుల తాడు ఒక్క ముక్కగా కావాలంటే నూలు వెయ్యి అడుగులకు పైగా సాగి ఉండాలి, దానికి చోటుండాలి.

తాడును నిలువుగా పట్టుకుని చూడండి. పేటలు ఎడమ కింద నుంచి కుడి పైకి ఎక్కుతూ కనిపిస్తే అది కుడిపురి తాడు. ఇంగ్లీషు జెడ్ అక్షరం మధ్యగీత పోయినట్టు పోతుంది. ఓడమీది తాళ్లలో ఎక్కువ భాగం మూడు పేటల కుడిపురి. అలాంటి తాళ్లు మూడు తెచ్చి ఎదురువైపు పేనితే ఎడమపురి మోకు వస్తుంది, ఎస్ అక్షరంలాగా. లంగరు మోకులు, పెద్ద ఎదురుతాళ్లు ఈ జాతివి.

ఇప్పుడు బొమ్మ ఓడ చిక్కు చూడండి. బజారులో దొరికే కుట్టుదారం దాదాపు ఎప్పుడూ కుడిపురిదే. కుట్టుమిషను దానికే అలవాటు పడింది. ఆ దారాలు మూడు తీసుకుని తాడు పేనితే, ప్రకృతి ధర్మం ప్రకారం ఎడమపురి తాడు వస్తుంది. అంటే లంగరు మోకు వస్తుంది గానీ పక్కతాడు రాదు. బలవంతాన కుడివైపే పేనితే, చేతిలో ఉన్నంతసేపు తాడులా ఉండి, వదలగానే పాములా చుట్టుకుపోతుంది. ఎడమపురి దారం వెతుక్కుని తెచ్చుకోవాలి, లేదా కుడిపురి దారాలతో ముందు ఎడమపురి సన్నతాళ్లు పేని, వాటిని మళ్లీ కుడివైపు పేనాలి. మందపాటి తాళ్లకు ఇది కుదురుతుంది. సన్నవాటికి ఓపికా చోటూ రెండూ చాలవు.

ఇదంతా ఎవరు చూస్తారని మీరు అడగొచ్చు. పురి దిక్కు చూసేవాడు వెయ్యిమందిలో ఒకడు ఉండొచ్చు. పురి ఉందా లేదా అన్నది మాత్రం అందరి కళ్లూ చూస్తాయి. 1.6 మిల్లీమీటర్ల ఎదురుతాడు మీద పేటలు ఎక్కుతూ కనిపించకపోతే అది ఎలక్ట్రిక్ వైరులా ఉంటుంది. అందుకే పట్టుదలగలవాళ్లు ఇంట్లోనే తాడు పేనుకుంటారు. ఒకవైపు మూడు కొక్కేలు, ఎదురుగా ఒక కొక్కెం, తిప్పడానికి ఒక చక్రం, పేటలు కలిసే చోట వాటిని విడదీసి పట్టే చిన్న గాడుల చెక్క. నాది కుట్టుమిషను విడిభాగాలతో, వరండా పొడవునా సాగుతుంది. అది నడుస్తున్నంతసేపు పాలవాడు గేటు బయటే నిలబడాలి.

దారానికి ఇంకో జబ్బుంది, నూగు. నూలు దారాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే సన్నని పీచులు లేచి ఉంటాయి. వాటిలో ఒక మిల్లీమీటరు పీచును 96తో హెచ్చవేస్తే, అసలు ఓడ తాడుమీద బెత్తెడు కన్నా పొడుగాటి వెంట్రుకలు లేచి నిలబడినట్టు లెక్క. ఏ ఓడ మీదా అలాంటి ఎలుగుబంటి తాళ్లు ఉండవు. దారాన్ని మైనపు ముద్ద మీదుగా లాగితే నూగు అణుగుతుంది. కొవ్వొత్తి మంటకు తగిలీ తగలకుండా చప్పున లాగితే కాలిపోతుంది, కాస్త ఏమరితే దారమూ కాలిపోతుంది. ఫ్రెంచి యుద్ధాల కాలంలో ఇంగ్లండులో, నార్మన్ క్రాస్ వంటి శిబిరాల్లో బందీలుగా ఉన్న ఫ్రెంచివాళ్లు, తిండిలో మిగిలిన ఎముకలతో ఓడబొమ్మలు చెక్కి అమ్ముకునేవారు. వాళ్లు పట్టుదారం వాడారు, వెంట్రుకలూ వాడారు. వెంట్రుకకు నూగుండదు. పురీ ఉండదనుకోండి, దేనికి ఏది ఇస్తామన్నదే బేరం.

లారీ వెనక ఎర్రగుడ్డ

మందం సరే, పురి సరే, నూగు పోయింది. ఇక లాగుడు తాడు కొసను చుట్టగా చుట్టి మేకుకు తగిలిద్దాం. అసలు ఓడమీద ఆ చుట్ట దండెం మీద వేసిన తడి పంచెలా బరువుగా కిందికి వేలాడుతుంది. నా ఓడమీద గడియారం స్ప్రింగులా ఎగిరి అడ్డంగా నిలబడింది. అద్దాలపెట్టె ముందు నిలబడినవాళ్లకు "ఇది బొమ్మ" అని చాటింపు వేసేది ఈ చుట్టలే.

రోడ్డు మీద ఇనుప చువ్వలు మోసుకెళ్లే లారీని గుర్తు తెచ్చుకోండి. బయటికి పొడుచుకొచ్చిన కొసలకు ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. కొసలు కిందికి వాలి, గుంట వచ్చినప్పుడల్లా ఊగుతుంటాయి. మూడు మీటర్లు బయటికి ఉన్న 12 మిల్లీమీటర్ల చువ్వ, తన బరువుకే కొస దగ్గర 40 సెంటీమీటర్లకు పైగా వాలుతుంది. ఇప్పుడు ఆ లారీకి నూరోవంతు బొమ్మ చేద్దాం. చువ్వ మూడు సెంటీమీటర్లు బయటికి ఉండాలి, మందం 0.12 మిల్లీమీటర్లు. అదే ఉక్కుతో సన్నని తీగ తెచ్చి పెట్టండి. నిష్పత్తి ప్రకారం నాలుగు మిల్లీమీటర్లయినా వాలాలి. అది వాలేది అందులో నూరోవంతు. కంటికి తిన్నగా సూదిలా కనిపిస్తుంది. ఉక్కు మారలేదు, కొలతలు మోసం చేయలేదు. మరి ఏమైంది?

దేన్నయినా నూరోవంతుకు కుదిస్తే పొడవులో నూరోవంతు, వెడల్పులో నూరోవంతు, ఎత్తులో నూరోవంతు. మూడూ కలిసి బరువు పదిలక్షల్లో ఒక వంతుకు పడిపోతుంది. వంగనని మొండికేసే గుణమూ తగ్గుతుంది గానీ, అంత వేగంగా కాదు. అది పదివేలలో ఒక వంతు దగ్గరే ఆగిపోతుంది. వంచడానికి చూసే బరువు పాతాళానికి దిగిపోతే, వంగననే పట్టు మధ్యలోనే నిలిచిపోయింది. రెంటికీ మధ్య నూరురెట్ల తేడా వచ్చింది. గెలీలియో 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలో దీన్ని ఎదురువైపు నుంచి చెప్పాడు. చిన్న జంతువు ఎముకను అదే ఆకారంలో పెద్దది చేస్తే పెద్ద జంతువు బరువును మోయలేదని, అది మోయాలంటే ఎంత లావెక్కాలో బొమ్మ వేసి చూపించాడు. ఆయన పెద్దవి బలహీనం అన్నాడు. మనకు కావలసింది దాని తోక: చిన్నవి మొండివి.

తాడు చువ్వలా ఒకే ముద్ద కాదు, లోపల నారలు ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి కాబట్టి లెక్క అంత కచ్చితంగా నడవదు. పోకడ మాత్రం అదే. నా దారం తన పొడవుకూ బరువుకూ తగినదానికన్నా ఎన్నో రెట్లు బిర్రు. అందుకని బరువైన దారం తెస్తే సరిపోతుందా? కాస్త మేలే గానీ పూర్తిగా కాదు. మెడలో గొలుసును చూడండి. సన్న గొలుసైనా లావు గొలుసైనా పొడవు ఒకటే అయితే మెడలో ఒకే వంపులో వేలాడతాయి. ఇష్టం వచ్చినట్టు వంగే వస్తువుకు బరువు ఎంతైనా వంపు మారదు. ఆ వంపును పాడుచేసేది మొండితనమే. కాబట్టి పోరు దానితోనే చేయాలి.

చేసేవాళ్లు చేసే పనులు సాదాసీదావే. చుట్టను ఓడమీద చుట్టకుండా, విడిగా రెండు గుండుసూదుల మీద చుట్టి, తెల్ల జిగురు కలిపిన నీళ్లతో తడిపి, కిందికి లాగి ఆరబెడతారు. జిగురు ఆరాక దారం మొండితనం మన వైపుకు తిరుగుతుంది. వంగిన ఆకారంలోనే మొండికేస్తుంది. వదులుగా వేలాడవలసిన తాళ్లకూ ఇదే వైద్యం.

తెరచాపల సంగతి మరీ అన్యాయం. 0.2 మిల్లీమీటర్ల గుడ్డ తెచ్చి చాపగా కడితే, అసలు ఓడలో అది రెండు సెంటీమీటర్ల మందం. చాప కాదు, తలుపుచెక్క. చుట్టి కట్టిన తెరచాప చూపించాలంటే మొత్తం గుడ్డ చుడితే పరుపుచుట్ట అవుతుంది, అందుకని మూడోవంతు గుడ్డ కోసి అదే మొత్తమన్నట్టు చుడతారు. చాలామంది తెలివిగలవాళ్లు చాపలే కట్టరు.

కన్ను ఎక్కడ నిలబడింది?

పక్కతాళ్లకు అడ్డంగా నిచ్చెన మెట్లలా కట్టే సన్నతాళ్లుంటాయి. వాటిని మెట్టుతాళ్లు అందాం, రాట్‌లైన్లు. నావికులు స్తంభం ఎక్కేది వీటి మీదుగా. చుట్టుకొలత ఒకటిన్నర అంగుళం, మందం 12 మిల్లీమీటర్లు. మెట్టుకూ మెట్టుకూ మధ్య పదమూడు అంగుళాలు. నా ఓడలో 3.4 మిల్లీమీటర్లు. కొత్తవాళ్లు ఇక్కడ ఓపిక పట్టలేక అయిదు మిల్లీమీటర్లకొకటి కడతారు. తప్పేముంది అనిపిస్తుంది. 1.70 మీటర్ల నావికుణ్ణి ఆ ఓడమీద నిలబెట్టండి, మనిషి పద్దెనిమిది మిల్లీమీటర్లకు లోపే. అతనికి ఆ మెట్టు దాదాపు అరమీటరు ఎత్తు. తుఫానులో, రాత్రిపూట, ఒక చేత్తో పట్టుకుని అరమీటరు మెట్లెక్కమంటే ఏ నావికుడైనా మనల్ని తిట్టుకుంటాడు. నా దగ్గర అట్టముక్కతో కోసిన నావికుడొకడున్నాడు. ఏదైనా కట్టేముందు వాణ్ణి పక్కన నిలబెట్టి చూసుకుంటాను. లెక్కలకన్నా వాడే ఎక్కువ తప్పులు పట్టాడు.

మెట్టుతాడు మందం 12 మిల్లీమీటర్లు కాబట్టి నాకు 0.125 మిల్లీమీటర్ల దారం కావాలి. మామూలు కుట్టుదారం 0.2 దాకా ఉంటుంది. పైగా ప్రతి పక్కతాడు దగ్గరా ముడి. పది తాళ్లు, ముప్ఫై మెట్లు అనుకుంటే ఒక్క నిచ్చెనకే మూడొందల ముళ్లు. ముడి దగ్గర దారం రెండు చుట్లు తిరుగుతుంది కాబట్టి మందంలో ఉన్న తప్పు అక్కడ రెట్టింపై, నిచ్చెనంతా మిరియాలు గుచ్చినట్టు తయారవుతుంది. కొందరు ముడి వేయరు. సూదితో పక్కతాడును పొడిచి దారాన్ని లోపలినుంచి దూరుస్తారు. ముడి వేయకపోవడం నిజాయితీ కాదని వాదించేవాళ్లున్నారు. నా మటుకు, తప్పు సైజులో ఉన్న నిజమైన ముడికన్నా, సరైన సైజులో ఉన్న దొంగముడి నయం.

ఇంతకూ ఎంత సన్నం దాకా పోవాలి? దీనికి జవాబు తాడులో లేదు, చూసేవాడిలో ఉంది. మంచి చూపున్న మనిషి కన్ను, ఒక డిగ్రీలో అరవయ్యో వంతు దాకా వివరం విడదీసి చూడగలదు. బొమ్మ ఓడను 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తున్నామంటే, అసలు ఓడను 58 మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టు. అంత దూరంలో కన్నుకు విడిగా అందే వివరం సుమారు 17 మిల్లీమీటర్లు. మెట్టుతాడు 12 మాత్రమే. అంటే నిజమైన ఓడముందు రేవుగట్టున నిలబడ్డవాడికి కూడా మెట్టుతాళ్లు ఆకాశం మీద లీలగా గీసిన గీతల్లాగే కనిపిస్తాయి. వాటి పురి, ముడి అందవు. తెల్లటి వెలుతురు మీద నల్లటి గీత కాబట్టి ఉన్నాయని మాత్రం తెలుస్తుంది. కరెంటు తీగమీద వాలిన పిట్ట కాళ్లు కనబడవు, తీగ కనబడుతుంది, అలాగే.

ఇది తెలిశాక నాకు రెండు పనులు తేలికయ్యాయి. కంటికి అందని తాళ్లను వదిలేయడం ఒకటి. విక్టరీమీద అలాంటివి చాలా ఉన్నాయి. వాటిని లావు దారంతో కట్టి "ఒక్కటీ వదల్లేదు" అనిపించుకోవడం కన్నా, వదిలేస్తేనే ఓడకు ఊపిరాడుతుంది. రెండోది రంగు. నిలుకట్లు వానకూ ఉప్పుకూ కుళ్లకుండా వాటికి దేవదారు జాతి చెట్ల నుంచి తీసిన తారు పట్టిస్తారు కాబట్టి అవి నల్లగా ఉంటాయి. లాగుడు తాళ్లు కప్పీల్లో జారాలి కాబట్టి వాటికి పైన తారు పూయరు, జనపనార రంగులో ఉండి ఎండకు బూడిదరంగు తిరుగుతాయి. పుస్తకంలో నలుపు అని ఉంది కదా అని కాటుక లాంటి నల్లదారం కడితే, బొమ్మమీద పెన్నుతో గీతలు గీసినట్టుంటుంది. దూరపు వస్తువు రంగును మధ్యలో ఉన్న గాలి, వెలుతురు కాస్త పలచన చేస్తాయి. ఆ గాలి మన అద్దాలపెట్టెలో లేదు. అందుకని నలుపుకు బదులు ముదురు గోధుమరంగు కట్టాలి. నేను కాఫీ డికాషన్‌లో ముంచి చూశాను. లాగుడు తాళ్లకు బాగానే పట్టింది, ఇల్లంతా వారంరోజులు హోటల్ వాసన.

ఇలా వదిలేయడం పాత విద్యే. శాతవాహనుల కాలపు సీసపు నాణేల మీద రెండు స్తంభాల ఓడ కనిపిస్తుంది. రూపాయి బిళ్లకు కాస్త అటూ ఇటూ ఉన్న చోట ఓడను పట్టించాలంటే, తాడును నిష్పత్తిలో చెక్కితే అచ్చులో పడనే పడదు. ఆ కంసాలి దేన్ని ఉంచాలో దేన్ని వదలాలో తేల్చుకునే అచ్చు కోసి ఉంటాడు.

మొలతాడు బిగిసినట్టు

హైదరాబాదులో ఒక ఆగస్టులో నా ఓడ పక్కతాళ్లన్నీ బిగించి కట్టడం పూర్తిచేశాను. నార దారంతో, వీణతీగల్లా ఉన్నాయి. మే నెలలో చూస్తే తాళ్లన్నీ రెండు వేళ్లు పెడితే ఒదిగిపోయేంత వదులు. తలుపు వేసిన పెట్టెలో ఎవరు ముట్టుకున్నారు?

ముట్టుకుంది వానాకాలం. నూలు తాడుతో కట్టిన దండెం వానలో తడిస్తే బిగుసుకుపోవడం మీరు చూసే ఉంటారు. తడిస్తే ఏదైనా సాగాలి కదా, తాడు ఎందుకు కురచవుతుంది? నార తేమ పీల్చినప్పుడు పొడవుకన్నా లావు ఎక్కువ పెరుగుతుంది. తాడులో ప్రతి పేటా మిగతావాటిని చుట్టుకుని ఉంది. విందుభోజనం చేశాక మొలతాడు కోసుకుపోతుంది చూడండి, మొలతాడు కురచ కాలేదు, అది చుట్టవలసిన పొట్ట పెరిగింది. తాడులోనూ అంతే. లోపల లావెక్కితే ఒక్కో చుట్టుకు పేట ఎక్కువ ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఎక్కడినుంచి రావాలి? తాడు పొడవులోంచి రావాలి. వానాకాలంలో కురచైన తాడును బిగించి కట్టాను. ఎండాకాలంలో అది ఆరి, సన్నబడి, తన పొడవు తాను మళ్లీ తీసుకుంది. పాలియెస్టర్ దారానికి ఈ బాధ దాదాపు లేదు, అందుకే ఇప్పుడు చాలామంది దానివైపు వెళ్లిపోయారు. మైనం పట్టిస్తే తేమ నెమ్మదిగా ఎక్కుతుంది గానీ ఎక్కకుండా ఉండదు.

అసలు విక్టరీకీ ఇదే బాధ ఉండేది. అప్పట్లో దాని తాళ్లూ జనపనారవే. వానకు బిగిసేవి, ఎండకూ గాలికీ సాగేవి. అందుకే పక్కతాడు కింది కొసను ఓడకు నేరుగా కట్టరు. తాడుకొసన ఒక గుండ్రటి చెక్క, దానికి మూడు కన్నాలు. కింద ఓడపక్కన అలాంటిదే ఇంకొకటి. రెంటి కన్నాల గుండా చిన్నతాడును మూడు నాలుగుసార్లు పోనిచ్చి బిగిస్తారు. పక్కతాడు సాగినప్పుడల్లా ఈ చిన్నతాడును విప్పి మళ్లీ లాగి కడతారు. పుస్తకాల్లో వాటిని డెడ్ ఐలు అంటారు, చచ్చినకళ్లు.

నా ఓడమీద ఆ కళ్లచెక్కలు మూడున్నర మిల్లీమీటర్లుంటాయి. కట్టేటప్పుడు అన్ని ముళ్లకూ జిగురు చుక్క పెట్టాను గానీ, వీటిలో ఎడమవైపు వరసకు పెట్టడం మరిచిపోయాను. మే నెలలో పట్టకారు తీసుకుని ఒక్కో చిన్నతాడు కొస విప్పి, లాగి, మళ్లీ కట్టాను. స్తంభం వెంట్రుకవాసి జరిగి తిన్నగా నిలబడింది. కుడివైపు జిగురు పెట్టినవి మాత్రం ఇప్పటికీ వదులుగానే ఉన్నాయి. పెట్టెను గోడవైపు తిప్పి పెట్టుకున్నాను.